పది మాటలు, ఒకే వరస

ఫిబ్రవరి 3, సోమవారం. ఉదయం 10

రాజేశ్వర్ రావు ఫోన్, మా పేపర్లో వార్త రాయాలని. హన్మకొండలో పెద్ద కోచింగ్ సెంటర్ ఆయనది. ట్రస్టు స్కాలర్‌షిప్ పరీక్షలో జిల్లాకు ముప్పై సీట్లుంటే, పదకొండు రఘునాథపల్లిలోని ఒక్క రేకుల గదికి పోయాయట. అక్కడ ఇంగ్లిష్ చెప్పేది మెహనాజ్ అనే ఆమె. రెండు ఫొటోలు పంపాడు. ఒకటి ప్రశ్నపత్రం, ఒకటి ఆమె చేతిరాత నోట్సు. పది ఇంగ్లిష్ మాటలను అర్థాలతో జతపరచాలి. రెండింట్లో అవే పది. వరస కూడా అదే. సావిత్రక్కా, ఇది లీక్ గాకపోతే నేను బోర్డు పీకేస్త అన్నాడు.

ఆయన పిల్లలకు వచ్చినవి రెండు సీట్లు. అదీ రాసుకున్నాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

పది మాటల్లోనూ టి, ఆర్, ఎ, సి, టి వరుసగా ఉన్నాయి. ట్రాక్టర్, కాంట్రాక్ట్, ఎక్స్‌ట్రాక్ట్, డిస్ట్రాక్ట్, సబ్‌ట్రాక్ట్... చివరిది రిట్రాక్ట్. అన్నిటి వెనకా లాగడం ఉంది. లాగే బండి, బయటికి లాగడం, దృష్టిని పక్కకు లాగడం. మాటలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. వరస దొరకదు. అక్షరక్రమం కాదు, సులువు నుంచి కష్టానికీ కాదు. లెక్కల లెక్చరర్‌ని అడిగాను. పది మాటల్ని ముప్పై ఆరు లక్షల ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందల రకాలుగా పేర్చవచ్చట.

కాకతాళీయం కాదు. నోట్సు మీద తేదీ లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం. సాయంత్రం

రఘునాథపల్లి వెళ్లొచ్చాను. వెల్డింగ్ షాపు మీద గది. ఇరవై ఆరు మంది పిల్లలు. మెహనాజ్‌కు ముప్పై అయిదు దాటవు. ఈ పది మాటలు మీకెవరిచ్చారని అడిగాను. కాగితం చూసింది, నన్ను చూసింది. ఎవరిచ్చిండ్రు అని అడుగుతాండ్రు, ఎట్ల చేసినవ్ అని అడుగుతలేరు కదా మేడమ్ అంది. క్లాసు టైమైందని చెప్పి, బల్ల మీద ఉన్న పొడుగు రిజిస్టరు తీసి చంకలో పెట్టుకుని లోపలికి పోయింది.

రిజిస్టరు ఎందుకు దాచింది?

మెట్ల కింద మొగిలమ్మ అనే ఆమె నన్ను ఆపింది. పత్తి ఏరే కూలీ. బిడ్డ భవాని పదకొండు మందిలో ఒకతె. ట్రస్టు డబ్బుతో నర్సింగ్ సీటు. పన్నెండో తారీఖులోపు చేరాలట. పేపరోళ్లొస్తే మంచికొస్తరా చెడ్డకొస్తరా బిడ్డా అని అడిగింది. నిజం కోసం వస్తామన్నాను. అదేదో ఊరి పేరైనట్టు తలూపింది.

ఫిబ్రవరి 6, గురువారం

డెస్కు నుంచి మూడుసార్లు ఫోన్. వేరే పేపరుకూ ఫొటోలు అందాయట. రాసి పంపాను. ఒక్క విశేషణం లేదు. పది మాటలు, ఒకే వరస, పదకొండు సీట్లు, టీచర్ జవాబివ్వలేదు. అన్నీ ఫ్యాక్ట్స్.

ఫిబ్రవరి 7, శుక్రవారం

డెస్కు హెడ్డింగ్: పరీక్షకు ముందే ప్రశ్నలు? ప్రశ్నార్థకం ఉంది కదా అన్నారు.

ఫిబ్రవరి 8, శనివారం

పదకొండు మంది ఫలితాలూ ట్రస్టు ఆపేసింది.

ఫిబ్రవరి 10, సోమవారం. మధ్యాహ్నం

ఆధార్ జిరాక్స్ కోసం యూనివర్సిటీ దగ్గర ఖలీల్ షాపుకు వెళ్లాను. గోడ నిండా తాళ్లకు నోట్సు కట్టలు. ఇక్కడ జిరాక్స్ షాపుల పద్ధతే అది. ఎవరు నోట్సు తెచ్చినా ఒక కాపీ షాపులో మిగులుతుంది. తర్వాత అది మెటీరియల్ పేరుతో అమ్ముడుపోతుంది. మూడో తాడుకు మెహనాజ్ చేతిరాత. ఆ పది మాటలు, ఆ వరస. అట్ట మీద ఖలీల్ ముద్ర: జులై 2018.

పరీక్ష మొన్న జనవరిలో.

ఇది ఎవరెవరు కొంటారని అడిగాను. పిల్లలు కొంటరు, సార్లు గూడ కొంటరక్కా, పేపర్లు సెట్ చేసే సార్లు గూడ, సొంతంగ రాసేంత ఓపిక ఎవలకుంది అని నవ్వాడు. నవంబరులో ట్రస్టు పరీక్ష పేపరు సెట్ చేసే సారు ఒకాయన ఇదే కట్ట తీసుకుపోయాడట.

ప్రశ్నపత్రం ఆమె దగ్గరికి రాలేదు. ఆమె నోట్సే పేపరులోకి పోయింది. స్టూలు అడిగి కూర్చున్నాను.

సాయంత్రం 5

రఘునాథపల్లి. ఈసారి ఎట్ల చేసినవ్ అని అడిగాను. పది మందున్న 2018 బ్యాచి రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె క్లాసులో హాజరుకు ప్రెజెంట్ మేడమ్ అనరు. ఒక్కొక్కరికి ఒక మాట. పేరు పిలిస్తే లేచి మాట చెప్పాలి, అర్థం చెప్పాలి. ఏడాదంతా ఆ మాట వాళ్లదే. ఒకటో నంబరు శ్రీకాంత్, వాళ్ల నాయన ట్రాక్టర్ డ్రైవర్. రెండు రమ్య, వాళ్లమ్మ కాంట్రాక్ట్ స్వీపర్. మూడు సాయికిరణ్, అప్పుడే పన్ను పీకించుకుని వచ్చాడు, ఎక్స్‌ట్రాక్ట్. పదో నంబరు లావణ్య, మాటిచ్చి వెనక్కి తీసుకుంటుందని రిట్రాక్ట్. వరస అంటే హాజరు వరస.

ఆ రోజు చంకలో పెట్టుకున్నదీ హాజరు రిజిస్టరే. హాజరు పిలిచే టైమైంది, అంతే.

ఫిబ్రవరి 12, బుధవారం

సవరణ వచ్చింది. లోపలి పేజీ, ఆరు లైన్లు.

ఫిబ్రవరి 15, శనివారం

ట్రస్టు ఫలితాలు వదిలింది. పది మందికి పనికొచ్చింది. నర్సింగ్ గడువు పన్నెండునే అయిపోయింది. భవాని సీటు వెయిటింగ్ లిస్టులో అమ్మాయికి పోయింది. కాలేజీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీ పేపర్లనే చూసినం మేడమ్ అన్నారు.

రాజేశ్వర్ రావు బోర్డు అలాగే ఉంది.

మెహనాజ్‌కు ఫోన్ చేసి సారీ చెప్పబోయాను. నాకు కాదు, హాజరు టైముకు రండి అంది.

ఫిబ్రవరి 17, సోమవారం

వెనక బెంచీ. ఇరవై ఏడో నంబరు నాది. పేరు పిలిచింది. లేచాను. రిట్రాక్ట్, అన్న మాట వెనక్కి తీసుకోవడం అన్నాను.

ఇనవడలే, గట్టిగ చెప్పండి అంది ముందు బెంచీ నుంచి భవాని.

మళ్లీ చెప్పాను.