అమ్మ ఊట

చెల్లాయ్,

ఈ ఉత్తరం రాయకుండా సీసా ఒక్కటే పంపి ఊరుకుందామనుకున్నాను. కానీ "జ్వరం తగ్గినా నోటికేదీ సయించడం లేదన్నయ్యా, అమ్మ చేత్తో వేసిన ఉప్పు నిమ్మకాయ ఒక్క ముక్క పంపు, చాలు" అని నువ్వు రాశాక, నీకు అబద్ధం తినిపించడానికి మనసొప్పలేదు.

అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆవిడ వేసిన ముక్కలు నాలుగేళ్ళకే అయిపోయాయి. సగం పైగా నేనే తిన్నాను. నీకు మాత్రం "భద్రంగా ఉంది" అని రాస్తూ వచ్చాను. సీసా తరిగినప్పుడల్లా ఆ ఊటలోనే కొత్త కాయలు కోసి వేశాను.

తాపీపనివాడి బుద్ధి మరి! పాత కోర్టు గోడలో నా చేత్తో ఎన్ని ఇటుకలు మార్చానో లెక్కలేదు. అయినా చూడ్డానికొచ్చిన ఒకాయన నేను పెట్టిన ఇటుకకే చెంప ఆనించి, "ఎంత పాతదో!" అని కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కకి తిరిగి దగ్గాను. సరే, ఆ సంగతి వదిలెయ్.

నిన్న ఈ దొంగతనం మీ వదిన దగ్గర ఒప్పుకుంటే పకపకా నవ్వింది.

"అత్తయ్య మాత్రం ఏం చేశారనుకున్నారు? ఆ ఊట ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. ఏటా కాయలే మార్చేవారు. మీ అన్నాచెల్లెళ్ళకి తినడం తప్ప ఇంకేం తెలుసు?"

కాబట్టి కాయ నాది, ఊట అమ్మది, అమ్మమ్మది. తిని, ఆ రుచేనో కాదో ఉన్నదున్నట్టు రాయి. కాకపోతే తిట్టు, పడతాను. తినడం మాత్రం మానకు.

సగం నీకు వేరే సీసాలోకి తీశాను. ఇందాక మీ వదిన ఆరు కాయలు కోసి ఇచ్చింది. మన పాత సీసాలో మిగిలిన ఊటలో వేసి మూత బిగించాను.

మీ అన్నయ్య