గడప దాటని వరహా

ఆళ్లగడ్డ
18-1-1958

చిరంజీవి మద్దిలేటికి అత్త కమలాక్షమ్మ దీవెనలు. వేళకు తిను. హాస్టలు అన్నంలో రాళ్లుంటే ఏరుకో, అలగొద్దు.

మన దేవుని గూట్లో పసుపు భరిణెలో ఉండే బంగారు వరహా నీకు తెలుసు కదా. మీ మామ దాన్ని చాగలమర్రిలో ఒక వ్యాపారికి బయానాగా ఇచ్చి, ఆయిల్ ఇంజన్ తెస్తానంటున్నాడు. బావిలో నీళ్లున్నాయి, పైకి రావడమే లేదు. మిరపతోట వాడిపోతోంది. శివరాత్రి మరునాడు బేరం.

ఈ లోపల ఆ వరహాను చూసినవాళ్లు ఏమంటారో నాకు తెలియాలి. నంద్యాలలో పాత నాణేలు కొనే అంగడి ఉందట. పోయి అడుగు. వరహాను మాత్రం పంపను. ఆ లక్ష్మి మీ మామ తాత కాలం నుంచి మా గడప దాటలేదు. దాని మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, బొమ్మ దించి పంపుతున్నాను.

ఇట్లు,
అత్త

తా.క. మీ మామకు తెలియకూడదు.

---

నంద్యాల
22-1-1958

పూజ్యురాలైన అత్తగారి పాదపద్మములకు మేనల్లుడు మద్దిలేటి వినయ విధేయతలతో వ్రాసుకొను విన్నపం. విధేయత చాలని చోట వినయంతో సర్దుకోగలరు.

మీ ఆజ్ఞ ప్రకారం అంగడికి వెళ్లాను. యజమాని పేరు సంజీవయ్య. బోర్డు మీద ‘పాత నాణెములు కొనబడును, చూడబడును’ అని ఉంది. చూడబడును అంటే ఏమిటని అడిగితే, “కొనకుండా ఊరికే సూసేదానికి అర్ధణా, అప్పా” అన్నాడు. ఇచ్చాను.

నా ముందే ఒక రైతు బంగారు సవరను కాసు తెచ్చాడు. సంజీవయ్య దాన్ని బండ మీద వేసి, కళ్లు మూసుకొని మోత విన్నాడు. తర్వాత నల్లని గీటురాయి మీద ఒక గీటు గీసి, పక్కన తన దగ్గరున్న మంచి బంగారంతో ఇంకొక గీటు గీసి, రెండూ పోల్చాడు. బంగారం మేలిమిని ‘వన్నె’ అంటారట. ఎంత అందమైన మాట! నోటుపుస్తకంలో ఒక పుటంతా అదే రాసుకున్నాను.

నా వంతు రాగానే కాగితం ఇచ్చాను. వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి, “కాగితం మంచిదే” అన్నాడు. బొమ్మ శివపార్వతులదట, విజయనగరం నాటి పోలికేనట. “బంగారమో కాదో కాగితం చెబుతాదా? నాణెం తే” అన్నాడు. లక్ష్మి గడప దాటదని చెప్పాను. “మా అంగడికి గూడా గడప ఉందిలే, ఈడ కూర్చోమను” అన్నాడు.

అది మేలిమి బంగారమేనని నా దృఢ విశ్వాసం. మీరు నిశ్చింతగా ఉండండి.

విధేయుడు,
మద్దిలేటి

తా.క. అర్ధణా సంగతి మీరు మరిచిపోయినా నేను బాధపడను. మూడు కొత్త పైసలు.

---

ఆళ్లగడ్డ
26-1-1958

మద్దిలేటికి,

నన్ను మీరు మీరు అని రాశావు. ఉత్తరం వేరే ఇంటికి వచ్చిందేమో అని పైన చిరునామా రెండుసార్లు చూసుకున్నాను.

నీ విశ్వాసం ఎవరడిగారు? అంగడాయన ముఖంలో అనుమానం కనబడిందా లేదా, అది రాయి. మిడుతూరు వైద్యుడు మనిషిని చూడకుండా చీటీ చూసే మందిస్తాడు. నాణెం చూడకుండా ఈయన చెప్పలేడా? వరహాను బట్టల సబ్బులో అంచు మునిగేదాకా ఒత్తి, ఆ సబ్బు పంపుతున్నాను. ముందూ వెనకా రెండు అచ్చులూ ఉన్నాయి.

అత్త

తా.క. మూడు పైసలు సబ్బు కింద అతికించాను. చూసుకో.

---

నంద్యాల
31-1-1958

అత్తకు మద్దిలేటి నమస్కారాలు.

సబ్బు చేరింది. సంజీవయ్య దాన్ని సాయంత్రం తీరిగ్గా చూస్తానని ఇంట్లో పెట్టాడు. ఆయన భార్య యశోదమ్మ దానితో రెండు పంచెలు ఉతికింది. పార్వతి సగం అరిగింది. శివుడు క్షేమం.

“నాణెం సబ్బులో పెడ్తారని నాకు కల పడ్తాదా?” అని ఆమె నన్నే కోప్పడింది. అయినా అంచు మిగిలింది. సంజీవయ్య చీపురుపుల్లతో వెడల్పూ మందమూ కొలుచుకున్నాడు. “ఇంగ బరువు ఒగటి తెలిస్తే చెప్పేస్తా” అన్నాడు. గురిగింజలతో తూచి, ఎన్ని గింజలో చెబితే చాలట.

అనుమానం సంగతి అడిగావు. ఆయన ముఖం ఎప్పుడూ అనుమానంగానే ఉంటుంది. నన్ను చూసినా అంతే.

మద్దిలేటి

తా.క. పంచెలు చాలా తెల్లగా వచ్చాయట. ఏ సబ్బో అడిగింది.

---

ఆళ్లగడ్డ
5-2-1958

మద్దిలేటికి,

కంసాలి ఆచారి దగ్గర త్రాసు అడిగితే ఊరంతా తెలుస్తుంది. అందుకని రెండు కొబ్బరిచిప్పలు, ఒక పుల్ల, నూలుదారంతో నేనే త్రాసు కట్టాను. మీ మామ చూసి “ఏందే ఇది?” అన్నాడు. ఉప్పు తూస్తున్నానన్నాను. “మనింట్లో ఉప్పుకు గూడా లెక్క వచ్చెనా!” అని ఆ పూట పచ్చడి వద్దన్నాడు.

పద్నాలుగు గింజలు తూగింది. నోటిమాట ఎందుకని గింజలే మూటగట్టి పంపుతున్నాను. సబ్బు ఏదో ఆమెకు చెప్పొద్దు.

అత్త

తా.క. ఆయన ముందు లెక్కపెట్టు. పోస్టులో ఎవరైనా ఒక గింజ తీసుకుంటే వరహా బరువు తగ్గుతుంది.

---

నంద్యాల
10-2-1958

ప్రియమైన అత్తకు, బరువెక్కిన హృదయంతో మద్దిలేటి.

గింజలు మూడుసార్లు లెక్కపెట్టాం. పద్నాలుగే. సంజీవయ్య ఒకటి కొరికి చూసి, “గింజలు మంచివే” అన్నాడు. తర్వాత చీపురుపుల్ల కొలత ఇంకోసారి చూసుకున్నాడు.

“అంత వెడల్పు, అంత మందం ఉండే బంగారు వరహా ముప్పై గింజలకు దగ్గర తూగాల. పద్నాలుగు తూగితే అది ఇత్తడి. పైన పూత పూసినారు. మీ అత్తకు నిదానంగా చెప్పప్పా” అన్నాడు.

నిదానంగా చెప్పడానికి నిఘంటువులో మాట వెతికాను. దొరకలేదు. ఇత్తడి, అత్తా.

ఇంత ఘోరం తెలియక మామ చాగలమర్రికి పోయి నలుగురిలో తలవంచుకోవలసి వస్తుందే అని నాకు నిద్ర పట్టలేదు. అందుకే సంజీవయ్య చేత ఇదంతా కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, మామ పేరున ఈ రోజే పోస్టు చేశాను.

నీ
మద్దిలేటి

తా.క. మామకు తెలియకూడదన్నావు. కానీ అది బంగారంగా ఉన్నప్పటి మాట కదా.

---

ఆళ్లగడ్డ
20-2-1958

మద్దిలేటికి,

ఆ కాగితం మీ మామ చేతికే వచ్చింది. మొదట నిలబడి చదివాడు, తర్వాత కూర్చొని చదివాడు. వరహా తీసి వాకిట్లో బండ మీద వేసి విన్నాడు. “ఇత్తడే” అన్నాడు. నేను పొయ్యి ఊదుతున్నాను, తల తిప్పలేదు.

ఇక నీకు దాచి లాభం లేదు. కరువు సంవత్సరం గుర్తుందా? నీకప్పుడు పదేళ్లు. ఆళ్లగడ్డంతా గంజి కేంద్రం ముందు నిలబడింది. మీ మామ మాత్రం “పస్తుంటా గానీ ఆడ చిప్ప పట్టను” అని మంచమెక్కాడు. అప్పుడు నేనే ఆ లక్ష్మిని గడప దాటించాను. అమ్మితే బస్తా జొన్నలొచ్చాయి. అమ్మకముందే, చెవి కమ్మలు పూతకిచ్చి, అదే బొమ్మతో ఇత్తడిది పోయించి గూట్లో పెట్టాను. మూడు నెలలు తిన్నాం. “నీ చేతిలో ఏముందో గానీ కమలా, గాదె అడుగంటడం ల్యా” అనేవాడు.

చూసినవాడు కనిపెడతాడా లేదా అన్నదే నేను అడిగింది. కనిపెడితే చాగలమర్రిలో ఆయన పరువు పోతుంది. కనిపెట్టకపోతే వ్యాపారిని మోసం చేసినవాళ్లమవుతాం. నువ్వు శ్రద్ధగా చదువుకునే పిల్లవాడివి, నీకివి తోచవు.

చెబుదామని నోరు తెరిచేలోపల ఆయన వీధిలోకి పోయాడు. “మా తాత ఎంత దొంగోడప్పా! ఇన్నేండ్లు ఇత్తడికి సాంబ్రాణి ఏపిచ్చినాడు” అని ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు. తాత పటానికి దీపం మానేశాడు. పాపం, ఆ ముసలాయన నిజం బంగారమే ఇచ్చిపోయాడు. వంటింట్లో ఆయన పేరున నేను వేరే దీపం పెడుతున్నాను.

ఇంజన్ మాట వదిలేశాం. పక్క చేనువాళ్ల ఇంజన్ వారానికి రెండు రోజులు బాడుగకు మాట్లాడాడు. మిరప తేరుకుంటోంది.

అత్త కమలాక్షమ్మ

తా.క. నిన్న సంగటి తింటూ మీ మామ, తల ఎత్తకుండా, “కమలా, ఆ యేడు జొన్నలు బాగుండె” అన్నాడు. ఏ జొన్నలని నేను అడగలేదు. ఇంకో ముద్ద వేశాను.