పట్టుకోరా చిన్నా

చిన్నా,

రోజూ ప్రార్థనలో ముందు నిన్నే తలుచుకుంటున్నాను. ఇక్కడ అందరం కులాసా.

మొన్న పొద్దున మీ అన్నయ్యకి క్యారేజీ ఇవ్వడానికి యూనివర్సిటీకి వెళ్లాను. లైబ్రరీ వెనక గదిలో, ఇనుప రాక్ ముందు నిలబడి వైఫై పెట్టె ఒక్కడే ఎత్తుతున్నాడు. చుట్టూ కట్టలకొద్దీ తీగలు. దీన్ని వైర్‌లెస్ అని ఎందుకంటారో మరి. భుజంతో పెట్టెని ఆపి, స్క్రూడ్రైవర్ కోసం తడుముకుంటూ, వెనక్కి చూడకుండానే "పట్టుకోరా చిన్నా" అన్నాడు.

"ఎప్పుడూ పట్టుకునేది నేను, బిగించేది నువ్వేనా?" అని తనతో పోట్లాడి నువ్వు పని మానేసిన సంగతి ఆ క్షణంలో మరిచిపోయాడు. నేను క్యారేజీ కింద పెట్టి పెట్టె పట్టుకున్నాను.

"ఇంకాస్త పైకెత్తరా, తినలేదా ఏంటి?" అని కసిరాడు. బిగించాక తిరిగి చూసి, "నువ్వా అక్కా" అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తనే అన్నాడు: "పై అంతస్తులో ఇంకోటి పెట్టాలి. వాణ్ణి రమ్మని రాయక్కా. ఈసారి నేను పట్టుకుంటా, వాడు బిగిస్తాడు."

"వంకరగా బిగిస్తేనో?" అని మీ వదిన నవ్వింది.

"వంకరగానే ఉండనీ" అన్నాడు మీ అన్నయ్య.

ఇంట్లో అందరం అదే ఖాయం చేశాం, వచ్చెయ్.

మీ అక్క