వదిన చెయ్యి తగలని ఆవకాయ

చెన్నై,
ఆదివారం

అమ్మకి దణ్ణం పెట్టి సుజాత రాసేది. నేనిక్కడ కులాసా. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నాన్నగారు మిట్టమధ్యాహ్నం పొలం గట్ల మీద తిరగడం మానారా? అన్నయ్య వేళకి తింటున్నాడా?

నా గురించి బెంగ పెట్టుకోకు. మద్రాసు పేరు చెన్నై అయింది గానీ ఎండ మాత్రం మారలేదు. హాస్టల్లో అన్నం సాంబారులో మునిగి వస్తుంది. మొదట్లో ఏడుపొచ్చేది, ఇప్పుడు అడిగి మరీ పోయించుకుంటున్నాను. సాయంత్రం బెజవాడ రైలు కూత వినిపిస్తే కాసేపు దిగులుగా ఉంటుంది. కాసేపే. నిజంగా బాగున్నానమ్మా.

క్షయ ల్యాబులో నా పనేమిటో చెబితే నవ్వుతావు. పొద్దున్నే కోడిగుడ్లు కడిగి పగలగొట్టడం. గుడ్డుని గడప దాటనివ్వని నీకు ఇలాంటి కూతురు! ఆ సొనలో ఏవో లవణాలు, ఆకుపచ్చ రంగు కలిపి, చిన్న సీసాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి వేడికి గట్టిపరుస్తాం. క్షయ క్రిమి దాని మీదే పెరుగుతుంది. మహా బద్ధకపు క్రిమి, కంటికి ఆనడానికి వారాలు పడుతుంది. రోగుల కళ్లె మన కృష్ణా వైపు నుంచి కూడా ఐసు పెట్టెల్లో వస్తుంది. పెట్టె మీద గన్నవరం అనో పామర్రు అనో కనిపిస్తే చుట్టాలొచ్చినట్టుంటుంది. ఏం చుట్టాలో, ఖర్మ!

ఇక నీ ఉత్తరం సంగతి. క్రిములకి కూడా వేలిముద్రలు తీస్తామని పోయినసారి గొప్పగా రాశాను కదా. నువ్వు దాన్ని పట్టుకుని, పద్మ వదినకి వచ్చింది మంగళగిరి క్రిమో మన పామర్రు క్రిమో తేల్చి చెప్పమన్నావు. పుట్టింటి మగ్గం గుంటలోంచే తెచ్చిందని నువ్వు ఎప్పుడో తీర్పు చెప్పేశావు. సాక్ష్యం నన్ను చెప్పమంటున్నావు.

ముందొక మాట. వదిన పుట్టింట్లోనే ఉండి మందులు పూర్తిగా వాడింది. కళ్లె పరీక్షలో ఇప్పుడు క్రిమే లేదు. లేనిదానికి వేలిముద్ర ఎలా తియ్యను?

అయినా నీ కోసం మా పెద్ద మేడమ్‌ని అడిగాను. ఆవిడ తమిళావిడే అయినా తెలుగు బాగా మాట్లాడతారు. కొన్ని దేశాల క్రిములకి వేలిముద్ర తీసిన ఫిల్ము మీద బోలెడు గీతలు వస్తాయట. ఆ గీతలు పోల్చి, ఎవరి నుంచి ఎవరికి అంటి ఉంటుందో ఊహించవచ్చట. మన దక్షిణాది క్రిములకి చాలావాటికి ఒక్కటే గీత. కొన్నిటికి అదీ ఉండదు. ఊళ్లో అందరిదీ ఒకే ఇంటిపేరైతే, పేరు చూసి ఏ ఇంటివాడో ఎలా చెబుతాం? ఇదీ అంతే. మంగళగిరి నుంచి వచ్చినా పామర్రు నుంచి వచ్చినా ఆ ఒక్క గీతే కనిపిస్తుంది. "ఇది నిన్న మొన్న వచ్చిన చుట్టం కాదమ్మా, తరతరాలుగా మనతోనే కాపురం ఉంటోంది" అన్నారు మేడమ్.

ఆ మాట విన్నాక నాకు తాతయ్య గుర్తొచ్చాడు. వీధరుగు మీద కూర్చుని ఏళ్ల తరబడి దగ్గేవాడు. చుట్ట దగ్గు అనుకున్నామే గానీ ఒక్కసారైనా పరీక్ష చేయించామా? పోయినవాడి మీద నింద వెయ్యడానికి కాదు. ఎవరి మీదా వెయ్యలేమని చెప్పడానికే.

ఇంకొకటి. ఈ జబ్బు రోగి దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుతుంది. కంచంలో, గ్లాసులో, ఊరగాయ జాడీలో కూర్చోదు. మొన్న జాడీ పంపుతూ, "వదిన చెయ్యి తగలకుండా పెట్టాను, భయం లేకుండా తిను" అని రాశావు. నాకు చాలా కోపం వచ్చింది. కోపం కోపమే, ఆవకాయ మాత్రం రూమ్మేట్లతో కలిసి ఊడ్చేశాను. ఉప్పు చాల్లేదు. ఏటా ఉప్పు చూసేది ఎవరో నీకు తెలుసు.

నిన్న ఎస్‌టీడీ బూత్ నుంచి అన్నయ్యతో మాట్లాడాను. ప్రతి ఆదివారం మంగళగిరి బస్సెక్కి వెళ్లి ఒక్కడే తిరిగొస్తున్నాడట. వదినని ఎందుకు తీసుకురావట్లేదని గట్టిగా అడిగాను. "అది రానంటం లేదే. అత్తయ్యగారు పిలవందే ఏ మొహం పెట్టుకుని రానూ అంటంది" అన్నాడు.

అందుకని అమ్మా, నువ్వే వెళ్లు. అన్నయ్యని పంపకు. బెజవాడలో బస్సు మారాక గంట ప్రయాణం కూడా ఉండదు. వియ్యపురాలి ముందు తగ్గడమేమిటని అనుకోకు. వదిన నీ కోడలు, నువ్వు ఏరికోరి తెచ్చుకున్న పిల్ల. కాయ పండుబారకముందే రెండో విడత ఆవకాయ పెడతానన్నావు కదా, అది వదిన చేత కలిపించు. నాకు సెలవు దొరికింది, వచ్చే వారం వస్తున్నాను. ఖాళీ జాడీ తెస్తున్నాను.

నాన్నగారికి నమస్కారాలు. పక్కింటి పిన్నిగారిని అడిగానని చెప్పు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

కలపడం అయ్యాక బేసిన్‌లో వేడన్నం వేసి, అంటుకున్న కారమంతా ఊడ్చి, వదిన అందరికీ ముద్దలు పెడుతుంది చూడు, ఆ ముద్ద కోసమే ఇంత దూరం వస్తున్నాను. అయితే మొదటి ముద్ద నాకు వద్దు. ముందు నువ్వు చెయ్యి చాపు.

నీ కూతురు
సుజాత