అష్టదిక్కుల ఇంజనుకు నేను చేయు తుది ఏర్పాటు

ప్రభుత్వము వారు శ్రీ విజయపురమని పేరు మార్చినను మా ఇంట ఇంకను పోర్ట్ బ్లెయిర్ అనియే పిలువబడుచున్న పట్టణమునకు చేరువనున్న బ్రూక్షాబాద్ నివాసి, కీర్తిశేషులు బెవర దానయ్యగారి కుమారుడు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, డెబ్బది తొమ్మిదేండ్ల వయసు గల బెవర పోలిరాజు అను నేను, నా వారసులకును, నా ఆస్తి నిర్వాహకునికిని తెలియజేయుచు వ్రాసిన వీలునామా.

నా బుద్ధి నిలకడగా ఉన్నది. చెవి కొంత తగ్గిన మాట నిజమే. అయితే అది మనుషుల మాటలకు మాత్రమే తగ్గినది. ఇంజను శబ్దములో ఒక్క గణము తప్పినను పక్క గదిలో పడుకొని పట్టుకొనగలను. ఈ పత్రము వ్రాయుటకు నన్ను ఎవరును బలవంతపెట్టలేదు. ఇద్దరు బతిమాలినారు. ఒకరు నా కుమారుడు గోపినాథ్, మరొకరు నా కుమార్తె సాయిలక్ష్మి. ఇద్దరును కోరినది షెడ్డులోని పాత కారునే.

గోపినాథ్ దానిని మెయిన్‌లాండులోని ఒక ప్రదర్శనశాలకు పంపదలచి సరకుల ఓడలో చోటు మాట్లాడి ఉంచినాడు. సాయిలక్ష్మి దాని పైతొడుగును గ్యాసు కటింగుతో కోసివేసి, ఇంజనును బయటికి కనబడునట్లు నిలిపి నడపవలెనని పట్టుబట్టినది. ఓడ వచ్చు నెలలో బయలుదేరును. ఇద్దరిలో ఎవరికిని నేను నోటితో అవునని గాని కాదని గాని చెప్పలేకపోయినాను. ఎదురుగా పిల్లల ముఖములు చూచుచు చెప్పలేని దానిని కాగితముపై చెప్పుచున్నాను. కారును గురించిన నిబంధనలు మాత్రము నా మరణము వరకు ఆగనక్కరలేదు, సంతకమైన దినమునుండియే అమలగును.

1. ఇంతకుముందు నేను వ్రాసిన వీలునామాలు ఏవైనను ఉన్నచో అవి ఇందుమూలముగా రద్దయినవి. నా ఆస్తి నిర్వాహకుడుగా, నాతోపాటు పాఠశాలలో లెక్కలు చెప్పిన మిత్రుడు వాసుదేవ్‌ను నియమించుచున్నాను. ఆయనకు కార్లంటే ఇష్టము లేదు. తీర్పు చెప్పువానికి అది మంచి గుణము.

2. బ్రూక్షాబాద్‌లోని ఇల్లు, ఇంటి వెనుక కొబ్బరిచెట్లు నా సంతానము ఇరువురికి సమముగా చెందవలెను. నా తెలుగు గ్రంథములు పాఠశాలకు చెందవలెను. నా పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడుదురు, కోపము వచ్చినప్పుడు మరింత చక్కగా మాట్లాడుదురు. చదువుట మాత్రము వారికి కష్టము. గోపినాథ్ ఒకసారి నా వ్యాకరణ పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొని పది నిమిషములు గంభీరముగా చూచినాడు. ఆ గాంభీర్యము నాకు నచ్చినది.

3. ఇక కారు సంగతి. అది నేను పుట్టకముందే దూరదేశములో తయారై, కలప కాంట్రాక్టరు ఒకరితో కలకత్తా ఓడలో ఈ దీవికి వచ్చినది. ఆయన తిరిగి పోవునప్పుడు దానిని వెంట తీసుకొనిపోలేక, తన డ్రైవరైన మా నాన్నగారికి ఇచ్చిపోయినారు. దాని బానెట్ క్రింద ఎనిమిది సిలిండర్లు ఉన్నవి. నాలుగు ఒక వైపునకు, నాలుగు మరొక వైపునకు, నమస్కారమునకు జోడించిన చేతులు మొదట అతికి పైన విడివడినట్లు వాలియుండును. ఈ కాలపు చిన్న ఇంజన్లు గబగబ మాట్లాడును. ఇది అట్లు కాదు. ఒక్కొక్క సిలిండరు తన వంతు వచ్చువరకు ఓపికపట్టి, అప్పుడు గొంతు విప్పును. నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు దాని సవ్వడి, వాన వెలిసిన తరువాత అడవిలో ఆకులనుండి ఆకులపై జారు నీటిచుక్కలవలె ఉండును. వేగము అందుకొన్నప్పుడు గురువులన్నియు లఘువులై, లఘువులన్నియు ఒకే దీర్ఘమై, శ్రుతిపెట్టెవలె నిలిచిపోవును.

అయితే ఈ దీవిలో దానికి చాలినంత రోడ్డు లేదు. చిడియా టాపు దగ్గర రోడ్డు సముద్రపు అంచున ఆగిపోవును. అక్కడ కారు ఆపినప్పుడెల్లను నా భార్య దేముడమ్మ ఇంజను మీది వెచ్చదనమునకు అరచేయి చాపి, "రోడ్డు అయిపోనాది గానీ, మీ బండికింకా మనసు తీరనేదండి" అనెడిది.

4. దేముడమ్మ ఇప్పుడు లేదు. ఆమెకు నేను ఇవ్వగలిగినది ఏమియు లేదు గనుక, ఆమె ఇచ్చినదానిని ఇక్కడ నమోదు చేయుచున్నాను.

నేను ఆ ఎనిమిది సిలిండర్లకు ఎనిమిదిమంది దిక్పాలకుల పేర్లు పెట్టుకొన్నాను. ఒకటవది ఇంద్రుడు, తరువాత అగ్ని, యముడు, నిరృతి, వరుణుడు, వాయువు, కుబేరుడు, ఎనిమిదవది ఈశానుడు. వరుణుడి సిలిండరులోనికే నీరు కారుచుండెడిది. పేరు పెట్టిన తప్పు నాది కాదు, దాని స్వభావమే అది.

ఒక దసరాకు ఆయుధపూజ చేయుచు దేముడమ్మ స్పార్కు ప్లగ్గుల తీగెలన్నిటిని ఊడదీసి, ఒక్కొక్క ప్లగ్గుకు పసుపు కుంకుమ పెట్టి, భక్తితో తిరిగి తగిలించినది. ఏ వరుసలో తగిలించినదనగా, ప్రదక్షిణ వరుసలో. తూర్పు, ఆగ్నేయము, దక్షిణము, ఇట్లు దేవతలను చుట్టి వచ్చిన వరుసలో. ఇంజనుకు నిప్పు అందవలసిన వరుస వేరు. తాళము త్రిప్పగానే అది పెద్ద దగ్గు దగ్గి, కార్బురేటరు నుండి మంట వెనుకకు చిమ్మినది. బానెట్ మీద పోసిన కుంకుమ అంతయు లేచి వచ్చి హారతికి నిలుచున్న వారందరి మీద పడినది. పురోహితుని తెల్లపంచె ఎర్రనైనది. పట్టణములోని మిడిల్ పాయింట్ నుండి వచ్చిన బంధువులు గేటు దాటి పరుగెత్తినారు. ఆమె ముఖమంతా ఎరుపుతో నిలుచుండి, "ఏటండీ, దేవుళ్ళకి కూడా లైనుంటాదేటి?" అని అడిగి, తానే నవ్వినది. ఆ నవ్వు ఆగుటకు చాలాసేపు పట్టినది.

ఆమెకు గుర్తుండుటకై నిప్పు వరుసను ఆటవెలదిలో పెట్టి ఇచ్చితిని:

ఇంద్రు డాది నిలువ నింపుగా వరుణుడు
నిరృతి నడువ వెనుక నీలగళుడు
వాయు వంత జముడు వరుసగా ధనదుడు
వహ్ని తుదను జేర వాద్య మొదవు

నీలగళుడనగా ఈశానుడు, ధనదుడనగా కుబేరుడు, వహ్ని యనగా అగ్ని. ఆమె ఈ పద్యమును జోలపాటగా పాడి పిల్లలిద్దరిని నిద్రపుచ్చినది. ఒక్క తెలుగు అక్షరము చదువకయే వారికి ఆ ఇంజను వరుస కంఠతా వచ్చినది.

వానలు పట్టి రోడ్డెక్కలేని దినములలో మేము షెడ్డు తలుపులు తెరచి, ఇంజను నడిపించి, ముందు సీటులో ఊరక కూర్చుండెడివారము. ఎదుట వాన తెర. క్రింద ఎనిమిది దిక్కుల నుండి పుట్టు సన్నని వణకు. ఆమె కన్నులు మూసికొని, "ఇప్పుడు ఎక్కడున్నామండి?" అని అడిగెడిది. ఆమె పెద్దలు విడిచివచ్చిన ఊరిని ఆమె ఏనాడును చూడలేదు. నేనును చూడలేదు. అయినను వంశధార వంతెన ఎక్కుచున్నామనియు, ఇసుకలో పుచ్చతీగెలు కనబడుచున్నవనియు, ఎడమ ప్రక్క ఎవరో గొడుగు ఊపుచున్నారనియు చెప్పెడివాడను. ఆమె కన్నులు తెరువకయే ఆ గొడుగు మనిషికి చేయి ఊపెడిది. కారు అంగుళమైనను కదలక మమ్ములను ఎన్ని ఊళ్ళు త్రిప్పినదో చెప్పలేను.

5. నా బావమరిది నాగబాబుకు, అతడు నన్ను అడుగక ఊడదీసికొనిపోయి తన డుంగీకి బిగించుకొన్న పెట్రోలు పంపును ఇందుమూలముగా దానము చేయుచున్నాను. అది ఇరువది ఏండ్లుగా అతని పడవలోనే ఉన్నది, కారుకు నేను వేరొకటి బిగించుకొన్నాను. అడిగినప్పుడు, "బావా, నీ కార్ తో ఖడా హై, నా డుంగీ చల్తా హై, పాపం పంపు ఏటి చేస్తాది?" అన్నాడు. నిలిచిన కారుకన్న నడుచు పడవకే పంపు అవసరమని అతని వాదము. ఆ పంపుతో వేటకు పోయి తెచ్చిన పెద్ద సురమ చేపను క్షమాపణగా పంపించినాడు. నేను చేప తిననని ఆ కుటుంబములో తెలియనివారు లేరు. ఇంటిల్లిపాది రెండు పూటలు తిని అతనిని మెచ్చుకొన్నారు. ఈ విషయమై నా కోపము నాతోనే ముగియవలెను. దానిని నా పిల్లలకు ఇచ్చుట లేదు.

6. నా కుమారుడు గోపినాథ్ మిడిల్ పాయింట్‌లో కాంట్రాక్టు వ్యాపారము చేయుచున్నాడు. కారును పంపదలచుటలో అతనికి లాభాపేక్ష లేదు. "నాన్నా, ఏసీ హాల్లో అద్దాల మధ్య పెడతారు. తుప్పు దగ్గరకి రాదు. ఇత్తడి ప్లేటు మీద తాత పేరూ నీ పేరూ పడతాది, లోగ్ దేఖేంగే, అందరూ చూస్తారు" అన్నాడు. ఆ మాటకు నా మనస్సు కరగినది. మనిషికి పేరుపై మోహము ఈ వయసులోనే ఎక్కువ. అక్కడ ఇంజనును నడిపింతురా అని అడిగితిని. ప్రదర్శనశాల వారికి ఫోను చేసి కనుగొని చెప్పినాడు: నూనె తీసివేసి, సిలిండర్ల నోళ్ళు మూసి ఉంచుదురట. పొగ వలన తివాచీలు పాడగునట.

ఆ రాత్రి నాకు భోజనము రుచింపలేదు.

గోపినాథ్‌కు కారు ముందు సీటు చెందవలెను. అతడు పసివాడుగా తల్లి ఒడిలో ఇంజను వణకుకు నిద్రపోయినది ఆ సీటులోనే. దాని తోలు చిరిగినచోట దేముడమ్మ తన చీర అంచుతో వేసిన అతుకును విప్పరాదు. ఇవిగాక బానెట్, ముందు దీపములు, తలుపులలో మిగిలినవి, వెనుక ఉన్న గుండ్రని పేరు బిళ్ళ కూడ అతనికే చెందును. ఓడలో మాట్లాడిన చోటు వృథా పోనక్కరలేదు. అవి ప్రదర్శనశాలకు పోవచ్చును, ఇత్తడి పలకపై మా నాన్నగారి పేరు పడవచ్చును. నా పేరు అక్కరలేదు. సీటు మాత్రము అతని ఇంటిలోనే ఉండవలెను.

7. నా కుమార్తె సాయిలక్ష్మి డైరీ ఫార్మ్ అను పేటలో పడవల ఇంజన్లు బాగుచేయు వర్క్‌షాపు నడుపుచున్నది. పాత కారు పైతొడుగు తీసివేసి, ఇంజను బయటికి కనబడునట్లు కురుచచేసి నడుపు బండిని హాట్ రాడ్ అందురని నాకు ఆమెయే చెప్పినది. ఆ పేరు విని ఆరు నెలలు ఆమెతో సరిగా మాట్లాడలేదు. నిండు విగ్రహమును భగ్నము చేయుటగా తోచినది. ఆమె అన్నగారితో, "భయ్యా, చూడ్డానికి కాదు ఇది, వినడానికి" అని వాదించుట గోడకు ఇవతలనుండి విన్నాను.

గత వానకాలమున నేను ఒంటరిగా షెడ్డులోనికి పోయి, ముందు సీటులో కొంచెముసేపు కూర్చుండవలెనని తలుపు పట్టుకొన్నాను. తలుపు నా చేతిలోనికి వచ్చినది. ఉప్పుగాలి దాని కీళ్ళను తినివేసినది. లోపల కాలు పెట్టగా నేల కాగితమువలె చిరిగి, పాదము నేరుగా మన్ను తాకినది. మా నాన్నగారు సముద్రము దాటి తెచ్చుకొన్న తాటాకు పుస్తకమును చెదలు తినివేసిన దినము జ్ఞప్తికి వచ్చినది. ఆయనకు చదువు రాదు. పెట్టె తెరచి, పొడిని గుప్పిట తీసి చూచి, "ఆకు పోయింది" అని మాత్రము అన్నారు. మరునాడు ఉదయము ఎప్పటివలెనే అందులోని పద్యములను పాడుచు స్నానము చేసినారు. నేను తెలుగు పండితుడనైనది ఆ గొంతు విని.

కావున ఇంజను, దాని గేరుపెట్టె, చక్రములు, చట్రము, పనిముట్లు అన్నియు సాయిలక్ష్మికి సర్వహక్కులతో చెందవలెను. కోయుటకు ఆమెకు నా అనుమతి ఉన్నది. మొదటి కోత వేయునప్పుడు ఎవరును కంటతడి పెట్టరాదు, పూజారిని పిలువరాదు, ముహూర్తము అడుగరాదు. అన్నగారు అడ్డుపడరాదు, రాదలచినచో వచ్చి కోయుచున్న రేకు రెండవ కొస పట్టుకొనవలెను.

8. చివరి నిబంధన. ఆ ఇంజను దెబ్బతినునేమో అను భయముతో నేను దానిని దశాబ్దములుగా నెమ్మదిగానే నడిపినాను. దాని పూర్తి బలము ఎట్లుండునో మా నాన్నగారికి తెలియదు, నాకు తెలియదు. సాయిలక్ష్మి దానిని తెలిసికొనవలెను. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పెడలును నేలదాక నొక్కవలెను. ఆ విధముగా నడుచుచు నడుచుచు ఒక దినమున సిలిండరు పగిలినను, ఇరుసు విరిగినను, ఇంజను శాశ్వతముగా ఆగిపోయినను, అందుకు ఆమెను ఎవరును తప్పుపట్టరాదు. ఆస్తి నిర్వాహకుడు తన పత్రములలో దానిని నష్టమని వ్రాయరాదు. పని చేయుచుండగా ఆగినదని వ్రాయవలెను.

ఇది నా ఇష్టపూర్వకముగా, నా పిల్లలిద్దరి మీద సమానమైన ప్రేమతో వ్రాసి, చదివించుకొని విని, సంతకము చేసిన పత్రము.

శ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ పూర్ణిమ, శనివారము
2025 ఆగస్టు 9, బ్రూక్షాబాద్

(సంతకము)
బెవర పోలిరాజు

సాక్షులు:
1. జితేంద్ర, కిరాణా వర్తకుడు, మిడిల్ పాయింట్
2. సుమ, ఉపాధ్యాయిని, డైరీ ఫార్మ్