ఆగే చోట ఆగినందుకు

నాయనా,

నువ్వు పోయిన ఏడాదికి నీ తప్పెట తీసుకుని హిందూపురంలో ఆడవాళ్ల బృందంలో చేరాను. అక్కడ నేర్పే మాస్టర్ని చూస్తే నాకు రోత పుడుతోంది. మూడు దెబ్బలు కొట్టి ఒక దెబ్బంత సేపు ఆగాలని, అక్కడే చిందేసేవాళ్ల కాలు లేస్తుందని నువ్వు నేర్పావు. ఆయనేమో "గ్యాప్ ఇస్తే మర్సిపోయినారనుకుంటారు, కొడతానే ఉండండి" అంటాడు.

నిన్న ధర్మవరంలో పెళ్లి ఊరేగింపుకు పోయాం. గుట్కా నములుతూ ఆయన చెయ్యి ఊపుతుంటే అందరూ ఆపకుండా బాదారు. చిందేసే ముసలాయన అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. జనం నవ్వారు. ఆగాల్సిన చోట తప్పెట పుల్లలు పైకెత్తి నేనొక్కదాన్నే ఆగాను. ముసలాయన నా పుల్లలు చూసుకుంటూ మళ్లీ ఆడాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు" అన్నాడు మాస్టర్. సరేనన్నాను.

ఈ పొద్దున, బృందంలో నా పక్కన కొట్టే నూర్జహాన్ ఇంటికొచ్చింది.

"అక్కా, ఆడ ఎంతసేపు ఆగల్లో నాకూ చెప్పు" అంది.

వసారాలో కూర్చుని నేర్పాను. ఆగలేక తొందరపడి కొట్టేస్తోంది. తప్పినప్పుడల్లా, నువ్వు నన్ను తిట్టినట్టే తిట్టాను.