జాలీకి పెట్టిన పేరు

మార్చి 3
అమ్మాయి పిహెచ్‌డి మా పాత అట్టపెట్టెల ఫ్యాక్టరీ మీదేనట! కోత మిషన్‌కి ఇనుప జాలీ ఉండాలని చట్టం వచ్చాక కూడా చేతులెందుకు తెగాయి, అదీ సబ్జెక్టు. ఏడో తరగతి చదివిన నన్ను కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసింది. కన్నకూతురు నన్ను "మీరు" అంది! నేల మీద కాలు నిలవడం లేదు.

మార్చి 9
దానికి గైడ్లిద్దరు. ఎకనామిక్స్ ఆవిడ లెక్కల మేడం, సోషియాలజీ ఆయన మనుషుల సారు. పేర్లు నేనే పెట్టాను. అమ్మాయి పడీ పడీ నవ్వింది. జరిమానా చవక, జాలీ ఉంటే పని నెమ్మది, ఓనరు లాభం చూసుకున్నాడు, అంతే అంటుందట మేడం. మరి ఇన్‌స్పెక్టరు దగ్గరుండి బిగించిన జాలీలని పనివాళ్ళే ఎందుకు ఊడబీకారమ్మా, మీ తక్కెడలో అదెక్కడ తూగుతుంది అంటారట సారు. ఇద్దరూ ఎడ్డెమంటే తెడ్డెం. మధ్యలో మా పిల్ల.

మార్చి 14
దొరికింది నాన్నా అని గంతేసింది. జాలీని ఫ్యాక్టరీలో "గాజులు" అనేవారట. జాలీ తియ్యనివాణ్ణి గాజులు తొడుక్కున్నాడు అనేవారట. చట్టాన్ని చంపింది ఆ పేరేనంది. వెక్కిరింతా ఒక ఖరీదే, జరిమానా కన్నా పెద్దది అని మేడం కూడా ఒప్పుకుందట. పేరు పెట్టిందెవరో గుర్తుందా నాన్నా అంది.
లేదన్నాను.

మార్చి 15
నేనే పెట్టాను.

మార్చి 16, మధ్యాహ్నం మూడు
నాతోపాటు అదే ఫ్యాక్టరీలో చేసిన నా తమ్ముడు భయస్తుడు. వాడొక్కడే జాలీ తియ్యలేదు. షిఫ్టు మొదట్లో అందరి ముందూ అన్నాను, ఏరా, గాజులు బాగా నప్పాయిరా, గలగలమంటున్నాయి కూడా అని. షెడ్డంతా ఒకటే నవ్వు. వాడూ నవ్వాడు. స్పానర్ అడిగాడు. నేనే అందించాను. వారం తిరక్కుండా చెయ్యి పోయింది. మూడోనాటికి మనిషీ పోయాడు. నాలుగేళ్ళ అమ్మాయి, బాబాయేడీ అని నా కాళ్ళకి అడ్డం పడేది. ఓనరు పాడె కట్ట అని పాతికేళ్ళు తిట్టాను. అందరూ నాతో గొంతు కలిపారు.

మార్చి 27
చెప్పేద్దామని దాని గది దాకా వెళ్ళాను. థీసిస్ మొదటి పేజీ చూపించింది. "మా బాబాయికి." ఏడ్చాను. ఆనందబాష్పాలు అనుకుంది పిచ్చిది. కళ్ళు తుడుస్తూ, ఆ పేరు పెట్టినవాడు నిజంగా గుర్తు లేడా నాన్నా అని మళ్ళీ అడిగింది.
వాడు పోయాడమ్మా అన్నాను.

జూన్ 2
మా అమ్మాయి డాక్టరు! మేడమూ సారూ నాకు చెరో వైపూ నిలబడి ఫొటో దిగారు. మీ వల్లేనండీ ఇదంతా అన్నారు.

జూన్ 3
నూట పన్నెండో పేజీ, అడుగున చిన్న అక్షరాలు. పేరు పెట్టిన కార్మికుడు చనిపోయాడు. చెప్పినవారు: మా నాన్న.